గోడ పక్కన పొలం: ఆరుబయలు జైలులో నమ్మకం, శిక్ష, న్యాయం

జైలు అనగానే గోడ గుర్తుకు వస్తుంది. తెలుగు భాషలోని మాటలు కూడా ఈ ఊహనే బలపరుస్తాయి. చెరసాల, కారాగారం, బందీఖానా వంటి పదాలన్నింటిలోనూ ఒక కట్టడం ఉంది. పల్లెల్లో పరుల చేను మేసిన పశువును తోలే బందెలదొడ్డికి కూడా నాలుగు వైపులా గోడ, ఒక తలుపు, ఒక తాళం ఉండేవి. యజమాని వచ్చి జరిమానా కడితే పశువు విడుదలయ్యేది. ఆ దొడ్డిలో ఉన్నంతసేపూ పశువు మారాలని ఎవరూ ఆశించలేదు, మారిందా అని ఎవరూ పరీక్షించలేదు. కదలకుండా ఆపడం ఒక్కటే దొడ్డి చేసే పని. జైలు చేసే పని కూడా అంతేనా, లేక అంతకు మించినదా అన్న ప్రశ్నకు సమాధానం గోడ ఉన్న జైలును చూస్తే దొరకదు. గోడ లేని జైలును చూడాలి.

సంగారెడ్డిలో 1796లో కట్టిన పాత జైలును జైళ్ల శాఖ 2016లో ప్రదర్శనశాలగా మార్చింది. అప్పట్లో అయిదు వందల రూపాయలు చెల్లించిన వారు ఖైదీ దుస్తులు వేసుకొని, జైలు తిండి తిని, ఒక రోజంతా గదిలో గడపగలిగేవారు. గోడ, ఊచలు, తాళం అన్నీ అసలైనవే. అయినా ఆ సందర్శకుణ్ణి ఖైదీ అని ఎవరూ అనరు. పోతానంటే తలుపు తీస్తారని అతనికి తెలుసు. దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది హైదరాబాదు శివార్లలోని చర్లపల్లి. అక్కడ కేంద్ర కారాగారం, దాని పొరుగునే ఖైదీల వ్యవసాయ క్షేత్రం ఉన్నాయి. రెండవదాన్నే జనం ఓపెన్ ఎయిర్ జైలు, ఆరుబయలు జైలు అంటారు. మొదటిదానికి ఎత్తైన గోడ, కాపలా బురుజులు ఉన్నాయి. రెండవదానిలో చెట్లు, పైరు, పశువులు ఉన్నాయి. అందులో ఉన్నవాడు కూడా శిక్ష పడిన ఖైదీయే. పోతానంటే పోవడానికి లేదు. సంగారెడ్డిలో గోడ ఉండి చెర లేదు, చర్లపల్లి పొలంలో చెర ఉండి గోడ లేదు. కాబట్టి చెరకు మూలం గోడలో కాక, మనిషి కదలిక మీద మరొకరికి ఉన్న అధికారంలో ఉందని చెప్పుకోవచ్చు. అయితే ఆ అధికారం గోడ సాయం లేకుండా ఎలా నిలుస్తున్నది? నిలవగలిగినప్పుడు మిగిలినవారికి గోడ ఎందుకు? ఈ రెండు ప్రశ్నలూ నైతికమైనవి. మొదటిది నమ్మకానికి, రెండవది న్యాయానికి సంబంధించినది.

ఇటువంటి జంట అమరిక తెలుగు నేలకే ప్రత్యేకం కాదు. అమెరికా ఫెడరల్ జైళ్లలో మధ్యస్థ భద్రత గల ప్రధాన కారాగారం, దాన్ని ఆనుకొని కనిష్ఠ భద్రత గల శిబిరం ఉండటం మామూలు. శిబిరంలోని ఖైదీలు తరచుగా ప్రధాన జైలు నిర్వహణకు కావలసిన పనులు చేస్తారు. అంటే గోడ లేనివాడు గోడ ఉన్నచోటికి చాకిరీ చేస్తాడు. ఐరోపాలో పందొమ్మిదో శతాబ్ది చివర స్విట్జర్లాండులోని విట్జ్‌విల్ వ్యవసాయ జైలు ఈ ఆలోచనకు తొలి నమూనాలలో ఒకటిగా పేరు పొందింది. 1950లో హేగ్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు, 1955లో జెనీవాలో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు దీనికి నిర్వచనం ఇచ్చి సిఫారసు చేశాయి. పారిపోకుండా ఆపే భౌతికమైన అడ్డంకులు లేకపోవడం, ఖైదీ స్వీయ క్రమశిక్షణ మీద ఆధారపడటం ఆ నిర్వచనంలోని రెండు అంగాలు. మన దేశంలో 1952లో ఉత్తరప్రదేశ్‌లో చంద్రప్రభ నది మీద ఆనకట్ట పనికి ఖైదీల శిబిరం ఏర్పడింది. 1950ల నడుమ మౌలాలీలో, 1965లో అనంతపురం దగ్గరి రెడ్డిపల్లిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రాలు వచ్చాయి. అనంతపురం క్షేత్రం విస్తీర్ణం పద్నాలుగు వందల ఎకరాలకు పైమాటే. రాజస్థాన్‌లోని సాంగానేర్ శిబిరం 1963 నాటిది.

అంతకు ముందే, 1939లో, ఔంధ్ సంస్థానంలో స్వతంత్రపూర్ అనే చోట జరిగిన ప్రయోగం ఉంది. దాని ప్రేరణతో వి.శాంతారాం 1957లో 'దో ఆంఖే బారహ్ హాథ్' చిత్రం తీశాడు. దాన్నే తెలుగులో ఎన్.టి.రామారావు కథానాయకుడుగా 1976లో 'మా దైవం'గా తీశారు. హత్యలు చేసిన ఆరుగురు ఖైదీలను ఒక జైలరు గోడ దాటించి బీడు భూమికి తీసుకువెళ్లి సాగు చేయించే కథ అది. ఆ ఖైదీలు పారిపోకపోవడానికి జైలరు కళ్లు కారణమని కథ చెబుతుంది. దూరంగా ఉన్నా ఆ కళ్లు వారిని వెంటాడతాయి. ఈ కల్పన ప్రేక్షకులను ఎంతగా కదిలించినా, తాత్త్వికంగా చూస్తే అందులో ఒక మెలిక ఉంది. వెంటాడే కళ్లు అంతరాత్మకు గుర్తులా, నిఘాకు గుర్తులా? పద్దెనిమిదో శతాబ్ది చివర జెరెమీ బెంథామ్ ఊహించిన వలయాకారపు జైలులో కూడా కళ్లే ప్రధానం. అక్కడ కాపలాదారు చూస్తున్నాడో లేదో ఖైదీకి తెలియదు కాబట్టి ఎప్పుడూ చూస్తున్నాడనే అనుకొని నడుచుకుంటాడు. జైలరు కళ్లను లోపల మోసుకు తిరిగే ఖైదీ స్వేచ్ఛ పొందినట్టా, లేక గోడనే మనసులోకి తెచ్చుకున్నట్టా అన్నది చిత్రం తేల్చలేదు. తేల్చవలసిన బాధ్యత సినిమాకు లేదు కానీ, ఆ చిత్రాన్ని చూపి ఆరుబయలు జైలును సమర్థించేవారికి ఉంది.

వాస్తవంలో ఖైదీని పొలంలో నిలిపి ఉంచేవి మూడు. అక్కడికి వెళ్లేవారిని ముందే వడపోస్తారు. శిక్షలో కొంత భాగం గోడల లోపల గడిపి, మంచి నడవడి చూపి, వ్యవసాయపు పనికి ఒళ్లు సహకరించే వారినే ఎంచుతారు. పాత నేరస్థులను, కొన్ని రకాల నేరాలు చేసినవారిని మినహాయిస్తారు. తరువాతది ప్రయోజనం. మామూలు జైలులో కంటే అక్కడ శిక్ష తగ్గింపు, అంటే రెమిషన్, ఎక్కువగా దొరుకుతుంది. మూడవది భయం. నియమం తప్పినవాడు తిరిగి గోడ లోపలికి పోతాడు, కూడబెట్టుకున్న తగ్గింపును పోగొట్టుకుంటాడు. పక్కనే కనబడే కేంద్ర కారాగారపు గోడ ఈ విధంగా పొలానికి కూడా గోడే. రెండింటి నడుమ దూరం తక్కువగా ఉండటం పాలనా సౌలభ్యం కోసమే కావచ్చు. అయినా పొద్దున్నే కలుపు తీయడానికి వంగిన మనిషికి తల ఎత్తగానే ఆ బురుజు కనిపించడం కూడా శిక్షా విధానంలో భాగమే అవుతుంది.

ఇంత భయం, ఇంత ప్రయోజనం కలిసి ఉన్నప్పుడు దీన్ని నమ్మకం అనవచ్చునా? ఊళ్లలో అప్పు పుట్టే తీరుతో పోల్చి చూస్తే ఈ చిక్కు కొంత విడుతుంది. వస్తువు కుదువబెట్టి తెచ్చుకునేది తాకట్టు. నోటిమాట మీద పుట్టేది చేబదులు. తాకట్టులో ఇచ్చేవాడు వస్తువును నమ్ముతాడు, చేబదులులో మనిషిని నమ్ముతాడు. గోడ ఉన్న జైలు తాకట్టు వంటిది. ఖైదీ శరీరమే కుదువ సొమ్ము, దాన్ని ఇనప్పెట్టెలో పెట్టినట్టు గదిలో పెడతారు. ఆరుబయలు జైలు పైకి చేబదులుగా కనిపిస్తుంది, కానీ పూర్తిగా కాదు. అక్కడ శరీరాన్ని వదిలి కాలాన్ని కుదువ పెట్టించుకుంటారు. ఏళ్ల తరబడి మంచి నడవడితో సంపాదించుకున్న రోజులు రాజ్యం చేతిలో ఉంటాయి. పారిపోతే పోయేవి ఆ రోజులే. అందువల్ల ఇది రెండింటికీ నడిమి రకం. దీన్ని తీసివేయవలసిన పని లేదు. ఊళ్లో చేబదులు ఇచ్చేవాడు కూడా ఎదుటివాడికి పరువు భయం ఉందని తెలిసే ఇస్తాడు. భయం ఏ మాత్రం కలవని నమ్మకం తల్లీబిడ్డల మధ్య ఉంటే ఉండవచ్చు, పౌరుల మధ్య అరుదు. పారిపోగలిగి కూడా సాయంత్రం లెక్కకు వచ్చి నిలబడే మనిషి, కారణం ఏదైనా, ప్రతి రోజూ ఒక ఎంపిక చేసుకుంటున్నాడు. గోడ లోపలి మనిషికి ఆ ఎంపికే లేదు. నైతిక జీవితం ఎంపికతోనే మొదలవుతుందన్నది నిజమైతే, గోడ లోపల మంచివాడుగా ఉండటానికి గల చోటు చాలా తక్కువ.

అసలు చిక్కు మరొకచోట ఉంది. నమ్మకం రెండు వైపుల నుంచీ ఉండాలి. ఖైదీ రోజూ మాట నిలుపుకుంటున్నాడు. రాజ్యం అతనికి ఏ మాట ఇచ్చింది? యావజ్జీవ శిక్ష అంటే బతికినంత కాలం అని, సంపాదించిన రెమిషన్ వల్ల విడుదల హక్కుగా రాదని 1961లో గోపాల్ వినాయక్ గోడ్సే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1978లో నేర విచారణ స్మృతిలో చేర్చిన 433ఎ సెక్షన్, మరణశిక్షకు కూడా అవకాశం ఉన్న నేరాలలో యావజ్జీవం పడినవారు కనీసం 14 ఏళ్లు నికరంగా జైలులో గడపాలని నిర్దేశించింది. 1980లో మారూరాం కేసులో ఈ నియమం నిలబడింది. ఆ గడువు తరువాత విడుదల చేయాలా వద్దా అన్నది ప్రభుత్వ నిర్ణయం. అంటే పొలంలోని జీవిత ఖైదీకి రెమిషన్ అప్పుగా రాసుకున్న పద్దు కాదు, ఆశ మాత్రమే. అతను కాలాన్ని కుదువపెట్టాడు, రసీదు ఇవ్వలేదు. క్షమాభిక్ష అధికారం కూడా ఇష్టానుసారం కాదని, కులం, మతం, పార్టీ వంటి పరిగణనలతో ఇచ్చినది చెల్లదని 2006లో ఏపూరు సుధాకర్ కేసులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నిర్ణయాన్ని కొట్టివేస్తూ సుప్రీంకోర్టు చెప్పింది. అనర్హుడికి ఇవ్వకూడదని చెప్పడానికి చట్టానికి మాట దొరికింది. అర్హుడికి ఇవ్వక తప్పదని చెప్పడానికి ఇంకా సరిగా దొరకలేదు. గోడ లేని చోట కూడా బంధం ఏకపక్షంగా ఉన్నదంటే కారణం ఇదే.

ఇక్కడ ఒక ప్రశ్నను దాటవేయడం కుదరదు. కాపలా లేకుండా వదిలినా పారిపోడని, ఎవరికీ హాని చేయడని నమ్మకం కుదిరిన మనిషిని ఇంకా ఎందుకు నిర్బంధంలో ఉంచాలి? శిక్షకు సాధారణంగా చెప్పే ప్రయోజనాలలో సమాజ రక్షణ, సంస్కరణ అనే రెండూ ఆ ఎంపికతోనే తీరిపోయినట్టు రాజ్యమే ఒప్పుకుంది. మిగిలేవి ఇతరులకు హెచ్చరిక, చేసిన దానికి ప్రతిఫలం. అనుభవించవలసిన దండన అన్న భావన తన అసలు రూపంలో కనిపించేది ఆరుబయలు జైలులోనే. గోడ లోపల అది భద్రత మాటున దాగి ఉంటుంది. 1977లో మహమ్మద్ గియాసుద్దీన్ కేసులో, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక మోసం కేసు సందర్భంగా, సుప్రీంకోర్టు శిక్షను చికిత్సగా చూడాలన్న దృష్టిని గట్టిగా ముందుకు తెచ్చింది. చికిత్స అన్న ఉపమానాన్ని చివరిదాకా తీసుకుపోతే, రోగం నయమైనవాణ్ణి ఆసుపత్రిలో ఉంచడం తప్పవుతుంది. ఆ ఉపమానంలో ఖైదీకి చోటుంది, వైద్యుడికి చోటుంది. నేరం వల్ల నష్టపోయినవారికి మాత్రం చోటు లేదు.

వారిని లెక్కలోకి తెస్తే చిత్రం మారుతుంది. పెద్దపల్లి ప్రాంతపు ఊరొకటి అనుకుందాం. రెండు కుటుంబాల పొలాల నడుమ గెట్టు. ఏళ్ల తరబడి సాగిన గెట్టు పంచాయతీ ఒక రోజు కోపంలో హత్యగా ముగిసింది. చంపినవాడు అంతకు ముందు ఎవరిమీదా చేయి ఎత్తినవాడు కాదు, సేద్యం తెలిసినవాడు, జైలులో ఎదురు మాట్లాడనివాడు. ఆరుబయలు జైలుకు నియమాలు కోరే మనిషి సరిగ్గా ఇతనే. అదే ఊరిలో మోటారు పంపులు, కోళ్లు దొంగిలించి పలుమార్లు శిక్ష పడినవాడు పాత నేరస్థుడు కాబట్టి గోడ లోపలే ఉంటాడు. ప్రాణం తీసినవాడికి పొలం, పంపు తీసినవాడికి గది. చనిపోయినవాని భార్యకు ఇది వింతగానే తోస్తుంది. పాలనా దృష్టితో చూస్తే వింత లేదు. నమ్మకం రాబోయే కాలానికి సంబంధించినది, శిక్ష గడిచిన కాలానికి సంబంధించినది. రెండింటి కొలతలు వేరు. ఆ భార్య మాత్రం గడిచిన కాలంలోనే ఉంది. ఆమెకు రాబోయే కాలం లేకుండా చేసినవాడికి అది దొరుకుతున్నదన్న బాధను కొలతల తేడాతో తీర్చలేము. ఆమె కోపాన్ని పగ అని కొట్టివేసే సంస్కరణవాదం తొందరపాటుతో మాట్లాడుతున్నట్టే.

క్షమించే హక్కు ఎవరిది అన్న ప్రశ్న ఉత్తర తెలంగాణకు ఈ మధ్య చాలా దగ్గరగా వచ్చింది. దుబాయిలో 2005లో ఒక నేపాలీ కాపలాదారు మరణించిన కేసులో శిక్షపడిన సిరిసిల్ల ప్రాంతపు అయిదుగురు వలస కార్మికులు సుమారు 18 ఏళ్లు జైలులో గడిపి 2024లో ఇల్లు చేరారు. ఆ మధ్యలో మృతుని కుటుంబానికి పరిహారం చెల్లించడం, వారి క్షమాపత్రం తేవడం జరిగాయి. అక్కడి న్యాయంలో క్షమ మొదట బాధిత కుటుంబం చేతిలో ఉంటుంది. ఇక్కడి న్యాయంలో అది రాజ్యం చేతిలో ఉంది. మొదటి పద్ధతిలో డబ్బున్నవాడికి క్షమ సులువుగా దొరికే ప్రమాదం ఉంది. రెండవదానిలో ఏడ్చేవారిని అడగకుండానే క్షమ జరిగిపోయే ప్రమాదం ఉంది. రాజ్యపు క్షమ పాతదే. కౌటిల్యుని అర్థశాస్త్రం రాజు జన్మనక్షత్రం నాడు, పున్నమినాడు బాలురు, వృద్ధులు, రోగులు, అనాథలైన బందీలను విడువమంటుంది. అశోకుడు పట్టాభిషిక్తుడైన ఇరవై ఆరేళ్లలో ఇరవై అయిదు సార్లు బందీ విమోచనం చేసినట్టు తన స్తంభశాసనంలో చెప్పుకున్నాడు. పర్వదినం నాడు జైలు తలుపు తీసే ఆచారం నేటి గణతంత్ర దినం దాకా కొనసాగింది. ఇందులో ఖైదీ గొప్పతనం కంటే విడిచేవాడి గొప్పతనం ఎక్కువ కనిపిస్తుంది.

బౌద్ధం మరో దారి చూపింది. పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్టలో శాతవాహనుల కాలపు స్తూపం ఉంది. ఈ నేల మీద బౌద్ధ కథలు వినబడిన కాలం ఒకటి ఉండేది. అంగుళిమాలుని కథలో కోసల రాజు సైన్యంతో పట్టలేని హంతకుణ్ణి బుద్ధుడు దండం లేకుండా, శస్త్రం లేకుండా మార్చాడని రాజే ఆశ్చర్యపోతాడు. ఆరుబయలు జైలు సమర్థకులు ఈ కథను ఇక్కడితో ఆపుతారు. కథ ఇంకా ఉంది. భిక్షువైన అంగుళిమాలుడు భిక్షకు వెళ్లినప్పుడు జనం రాళ్లతో, కర్రలతో కొడతారు. తల పగిలి, భిక్షాపాత్ర విరిగి, రక్తంతో తిరిగివస్తాడు. బుద్ధుడు జనాన్ని తప్పు పట్టలేదు, శిష్యుణ్ణి ఓర్చుకోమన్నాడు. రాజు నమ్మాడు, గురువు నమ్మాడు, ఊరు నమ్మలేదు. ఊరికి అంగుళిమాలుని మనసులోని మార్పు కనబడదు, పోయిన మనుషులే కనబడతారు. మారిన మనిషి కూడా ఆ రాళ్లకు అర్హుడే అన్నట్టు ఆ కథ మాట్లాడుతుంది. పొలంలో ఎన్నేళ్లు నమ్మకంగా గడిపినా అది జైలు శాఖతో కుదిరిన నమ్మకం. ఊరితో కుదరవలసినది వేరే ఉంది, దాన్ని ఏ రెమిషన్ పట్టికా లెక్కించదు.

ఇక పని విషయం. ఉత్తర తెలంగాణ చరిత్ర తెలిసినవారికి గోడ లేకపోవడం స్వేచ్ఛకు గుర్తు అనిపించదు. దొర పొలంలో తరతరాలు పనిచేసిన జీతగాడి చుట్టూ ఏ గోడా లేదు. అప్పు ఉంది, భయం ఉంది, పోవడానికి మరో చోటు లేకపోవడం ఉంది. వెట్టిచాకిరీకి వ్యతిరేకంగా 1978లో జగిత్యాల ప్రాంతం కదిలినప్పుడు రైతుకూలీలు పగలగొట్టదలచినది కంటికి కనబడని గోడనే. వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం అంతకు రెండేళ్ల ముందే, 1976లో వచ్చింది. గల్ఫ్‌కు పోయిన కరీంనగర్ కార్మికుడు పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టి లేబర్ క్యాంపులో పడుకున్నప్పుడు కూడా క్యాంపు చుట్టూ ఉన్న కంచె నామమాత్రమే. ఈ అనుభవాల పక్కన పెట్టి చూస్తే, ఖైదీల చేత సాగు చేయించే క్షేత్రాన్ని సంస్కరణ అనాలా, వెట్టి అనాలా అన్నది కూలి ప్రశ్నతో ముడిపడుతుంది. ఖైదీల చేత కూలి ఇవ్వకుండా పని చేయించడం రాజ్యాంగంలోని 23వ అధికరణానికి విరుద్ధమని 1988లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూల భాస్కర విజయకుమార్ కేసులో తీర్పు ఇచ్చింది. 1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమైన వేతనం ఇవ్వాలని, ఆ వేతనంలో కొంత భాగాన్ని బాధితుల పరిహారానికి మళ్లించే ఏర్పాటు చేయవచ్చునని చెప్పింది. ఈ రెండవ మాట నైతికంగా విలువైనది. చనిపోయినవాని కుటుంబానికి చంపినవాని కష్టార్జితం నుంచి నెలనెలా కొంత చేరితే, అది ప్రాణానికి వెల కాదు, కానీ శిక్ష వారి వైపు కూడా ముఖం తిప్పినట్టు అవుతుంది. కూలి మరీ తక్కువైతే ఇది జరగదు. బాధితుల పేరు చెప్పి ఖైదీ నోటి దగ్గరి ముద్ద తగ్గించినట్టే మిగులుతుంది.

న్యాయానికి సంబంధించిన రెండవ ప్రశ్న ఎవరికి పొలం, ఎవరికి గోడ అన్నది. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022 చివర దేశపు జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. ఆరుబయలు జైలు శిక్ష పడినవారికి మాత్రమే. అంటే నేరస్థుడని తేలినవాణ్ణి నమ్మి పొలానికి పంపగల రాజ్యం, నేరస్థుడో కాదో తెలియనివాణ్ణి నమ్మలేక గోడ లోపల ఉంచుతున్నది. బెయిలు అన్న మార్గం ఉన్నదని అనవచ్చు. జామీను కట్టలేని పేదవాడికి ఆ మార్గం కాగితం మీదే ఉంది. చాలా రాష్ట్రాల నియమాలు స్త్రీలను ఆరుబయలు జైలుకు అనర్హులుగా ఉంచాయి. నాట్లు వేయడంలో, కలుపు తీయడంలో సగానికి పైగా పని చేసే తెలంగాణ పల్లె స్త్రీ, ఖైదీ అయ్యేసరికి వ్యవసాయ క్షేత్రానికి తగనిదైంది. దీనికి భద్రత కారణమని చెబుతారు. ఎవరి నుంచి భద్రత అన్నది చెప్పరు. ఒళ్లు సహకరించని ముసలివాడికి కూడా అక్కడ చోటు కష్టమే. పారిపోయే శక్తి అందరికంటే తక్కువ ఉన్నవాణ్ణి గోడ లోపల ఉంచడానికి పనికిరాడన్నదే కారణమైతే, ఆ చోట సంస్కరణ కంటే సేద్యం ముందు నిలిచినట్టు.

తెలుగు జైలు సాహిత్యం ఈ విషయంలో ఎందుకు మౌనంగా ఉన్నదో కూడా గమనించాలి. దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి నిజామాబాదు జైలు గోడల మధ్య గడిపారు. వరవరరావు 'సహచరులు' గోడల లోపలి ఒంటరితనం నుంచి వచ్చింది. ఈ రచనలు చాలామటుకు రాజకీయ ఖైదీలవి. ఆరుబయలు జైలు నియమాలు వారిని ఎన్నడూ కోరుకోవు. ఆ నియమాలు కోరుకునే గెట్టు పంచాయతీ రైతు కలం పట్టినవాడు కాడు. మామూలు నేరం చేసిన ఖైదీని మనిషిగా చూసి కథలు రాసినవాడు వట్టికోటే. ఆయన 'జైలు లోపల' సంపుటికి తెలుగు కథా చరిత్రలో దక్కవలసినంత చోటు దక్కలేదు. దాని పేరులోనే 'లోపల' ఉంది. బయలులోని జైలుకు తెలుగులో అటువంటి పుస్తకం లేకపోవడం వల్ల ఆ జీవితం గురించి తెలిసినదంతా శాఖ నివేదికల నుంచి, కోర్టు తీర్పుల నుంచి వచ్చినదే. మాట నిలుపుకున్నవాడి మాట అందులో లేదు.

దూరం సంగతి చిన్నదిగా కనిపించినా చిన్నది కాదు. వరంగల్ కేంద్ర కారాగారం 2021 దాకా ఉండేది. పెద్దపల్లి, మంథని, గోదావరిఖని వైపు కుటుంబాలు కాజీపేటలో రైలు దిగి ములాఖత్‌కు వెళ్లి పొద్దుగూకేలోగా ఇల్లు చేరగలిగేవి. ఆసుపత్రి నిర్మాణం కోసం ఆ జైలును కూల్చి, ఖైదీలను చర్లపల్లి తదితర చోట్లకు తరలించారు. ఆసుపత్రి అవసరమే. కానీ ఇప్పుడు దీర్ఘకాల శిక్ష పడిన మనిషిని చూడటానికి అతని తల్లి దాదాపు రెండు వందల కిలోమీటర్లు పోవాలి. కూలి రోజు పోతుంది, రాను పోను చార్జీ పోతుంది. అందువల్ల ములాఖత్‌లు తగ్గుతాయి. గోడ ఉన్నా లేకపోయినా ఈ శిక్ష ఒకటే, దీన్ని ఏ న్యాయమూర్తీ విధించలేదు. సాంగానేర్‌లో ఖైదీ కుటుంబంతో కలిసి ఉంటాడు, బయటికి పోయి సంపాదించుకుంటాడు, తన కుటుంబాన్ని తానే పోషించుకుంటాడు. తెలుగు నేల మీది వ్యవసాయ క్షేత్రం మనిషి పనిని నమ్మింది, సాంగానేర్ మనిషి సంసారాన్ని నమ్మింది. ఈ తేడా చిన్నది కాదు. పొలంలో ఉన్నవాడు అధికారికి జవాబు చెప్పుకుంటాడు, సాంగానేర్‌లో ఉన్నవాడు సాయంత్రం ఇంటికి వచ్చి పిల్లలకు కూడా జవాబు చెప్పుకోవాలి. 2024లో సుహాస్ చక్మా కేసులో సుప్రీంకోర్టు ఆరుబయలు జైళ్ల విస్తరణను పరిశీలిస్తూ, సాంగానేర్ శిబిరం సహా వాటి విస్తీర్ణం తగ్గించవద్దని ఆదేశించింది. నగరాలు పెరిగి జైలు పొలాల ధర కోట్లకు చేరిన కాలంలో ఆ ఆదేశం అవసరమైంది. నమ్మకానికి భూమి కావాలి. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీరు పారే ఉత్తర తెలంగాణలో ఖైదీల కోసం ఒక వ్యవసాయ క్షేత్రం ఎందుకు ఉండకూడదన్నది పాలనా ప్రశ్నగానే కాక నైతిక ప్రశ్నగా కూడా అడగదగినది. మనిషి తన నడవడికి జవాబు చెప్పుకోవలసినవారు అతని తల్లి, పిల్లలు, గెట్టు అవతలి కుటుంబం. వారంతా ఈ వైపే ఉన్నారు.

ఆ చివరి కుటుంబం దగ్గరే వాదన బరువెక్కుతుంది. దగ్గరలో పొలం అంటే వారికి కూడా దగ్గరలోనే. నేరస్థుడు ఎండలో కష్టపడుతూ కనబడటం వారికి ఊరట కావచ్చు, స్వేచ్ఛగా తిరుగుతూ కనబడటం పాత గాయాన్ని కెలకవచ్చు. ఏది జరుగుతుందో వారిని అడగకుండా ఎవరూ చెప్పలేరు. 2023 నాటి నమూనా జైళ్ల చట్టం ఆరుబయలు, అర్ధ ఆరుబయలు సంస్థలకు చోటు కల్పించింది. రాష్ట్రాలు దాన్ని అనుసరించి తమ నియమాలు రాసుకోవలసి ఉంటుంది. ఎంపిక చేసే సంఘంలో అధికారులు ఉంటారు, ఖైదీ నడవడి పుస్తకం ఉంటుంది, వైద్యుని పత్రం ఉంటుంది. చనిపోయినవాని ఇంటివారికి ఒప్పుకునే, కాదనే అధికారం ఇస్తే శిక్ష తిరిగి పగ చేతికి పోతుంది, దుబాయి పద్ధతిలోని ప్రమాదమే ఇక్కడికి వస్తుంది. అధికారం ఇవ్వకుండా కబురు చేయవచ్చు, వారు చెప్పదలచినది విని నమోదు చేయవచ్చు. ఖైదీని పొలానికి పంపుతున్నారన్న సంగతి ఆ ఇంటి మనిషి బస్సులో ఎవరి నోటనో వినకుండా చూడవచ్చు. ఖైదీ కూడా ఆ నమోదు చదవవలసి ఉంటుంది. చదివిన తరువాత అతను గోడ లోపలే ఉంటానంటే, ఆ కోరికను ఏం చేయాలన్నదానికి ఇప్పటి నియమాలలో జవాబు కనబడదు.